ఏడో నంబరు బిళ్ళ

టవరు గుట్ట మీద మూతపడ్డ టీవీ స్టేషన్ ఒకటి ఉంది. చీకటి పడ్డాక ఆ పక్కన ఎవరూ ఆగరు. చెప్పు తెగినా సరే, చేత్తో పట్టుకుని దిగిపోతారు గానీ ఆగరు.

స్టేషన్ అంటే పెద్ద హంగేమీ కాదు. పొడుగాటి హాలు, దాని చివర స్విచ్చుల గది, పక్కన తుప్పు పట్టిన టవరు. ఇంటింటికీ కేబుళ్ళు రాకముందు చుట్టుపక్కల అందరికీ బొమ్మ అక్కణ్ణుంచే వచ్చేది. పదకొండేళ్ళ కిందట మూసేశారు. మూసేయడానికి కొద్ది నెలల ముందు, లోపల పనిచేస్తున్న టెక్నీషియన్ ఒకతను కరెంటు కొట్టి చనిపోయాడు.

అప్పటి నుంచీ రాత్రిళ్ళు ఆ గోడల్లోంచి ఒక గొంతు వినిపిస్తుందని చెప్పుకుంటారు.

"లోపల... ఎవరు?"

అంతే. కేక కాదు, ఏడుపు కాదు. ఎవరో జవాబు చెబుతారన్నట్టు ఆగి ఆగి అడుగుతుంది. మూడుసార్లు. ఆ తర్వాత 'ధన్'మని ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు. ఇక నిశ్శబ్దం.

ఆ పిలుపుకి పలికారో — అయిపోయారన్నమాటే. ఇప్పటిదాకా ఎవరు పలికారు, ఎవరు అయిపోయారు అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. చెప్పలేనంత మాత్రాన భయం తగ్గుతుందా?

ఈమధ్య కొన్ని నెలలుగా మూడు కాదు, రెండే పిలుపులు వినిపిస్తున్నాయని రాత్రిపూట లారీ తోలే అతనొకడు చెప్పాడు. "దెయ్యానికి కూడా ఓపిక తగ్గింది పాపం" అని మేమంతా పడీ పడీ నవ్వాం. పట్టపగలు, పదిమందిలో కూర్చుని నవ్వాం లెండి.

అలాంటి చోటికి రాత్రిపూట ఒంటరిగా వెళ్ళాడు మా బావ. ఆయన చెప్పిందే మీకు చెబుతున్నాను. నేను కలిపింది ఏమీ లేదు, కలిపే ధైర్యమూ లేదు.

మా బావ పగలు మోటార్లు చుట్టే పని చేస్తాడు. రాత్రయితే హామ్ రేడియో. లైసెన్స్ తీసుకుని, ఇంట్లోనే సొంత రేడియో పెట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడుకునే పిచ్చి అది. చాలామందికి ఆ మాట్లాడుకోవడంతో తీరిపోతుంది. మా బావకి తీరలేదు. ఆయన చూపు చందమామ మీద పడింది.

రేడియో సంకేతాన్ని గట్టిగా పంపితే చందమామకి కొట్టుకుని వెనక్కి వస్తుందట. మనం పంపింది రెండున్నర సెకన్ల తర్వాత మనకే వినిపిస్తుందట. "ఈ ఇంట్లో నా మాట ఎవరూ పట్టించుకోరు. చందమామ అయినా తిరిగి అప్పజెబుతుంది" అనేవాడు, అక్క వినేలా. అక్క కూడా తక్కువ తినలేదు. "ముందు ఆ వంటింటి లైటు బాగుచెయ్యండి, తర్వాత చందమామ సంగతి చూద్దురు" అనేది.

అంత గట్టిగా పంపాలంటే పెద్ద ఆంప్లిఫయర్ కావాలి. కొత్తది కొనడం మనవల్ల అయ్యే పని కాదు. కానీ మూతపడ్డ టీవీ స్టేషన్ల ఆంప్లిఫయర్లు ఉంటాయి చూడండి — ఒకప్పుడు వేల ఇళ్ళకి బొమ్మ పంపినవి — వాటి ట్యూనింగ్ కాస్త పక్కకి జరిపితే, లోపల రెండు మూడు భాగాలు మారిస్తే, హామ్ రేడియోకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. తుక్కులోకి పోవాల్సిన దానికి మళ్ళీ ప్రాణం పోయడమన్నమాట.

గుట్ట మీది సామానంతా ఒక పాత ఇనుము వ్యాపారి తీసుకున్నాడని బావకి ఒక సాయంత్రం తెలిసింది. పరిగెత్తుకు వెళ్ళాడు.

"తెల్లారేసరికి మావాళ్ళు గ్యాస్ కట్టర్‌తో వస్తారు. నీకు కావాల్సింది ఆలోపు విప్పుకుపో. తెల్లారాక అడిగితే ముక్కలే ఇస్తాను" అన్నాడు వ్యాపారి. తాళంచెవి చేతిలో పెట్టి, గొంతు తగ్గించాడు. "ఒక్క మాట... లోపల ఎవరు అని వినిపిస్తే — పలక్కు."

బావ తిన్నగా మా ఇంటికొచ్చి, తోడు రమ్మన్నాడు.

నాకు ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది. అది ఏ రకం జ్వరమో బావకి తెలుసు. నా వ్యాను తాళం మాత్రం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆయనకి ఏదైనా అయి ఉంటే అక్క ముఖం ఎలా చూసేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

వ్యాను గుట్ట ఎక్కుతుంటే, పక్కన కొత్తగా నిలబెడుతున్న సెల్ టవరు పనివాళ్ళు ఎదురయ్యారట. పని ముగించుకుని దిగుతున్నారు. "కరెంటు ఇచ్చేశాం, మిగతాది రేపు" అని ఒకడు ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. బావ ఆ మాట విన్నాడు. వాళ్ళ టవరు గోల మనకెందుకులే అనుకున్నాడు.

తలుపు తీయగానే పాత నూనె, ఎలుకల కంపు. తలకి కట్టుకున్న లైటు వేసుకున్నాడు. వరసగా నిలబెట్టిన ఇనప బీరువాల్లాంటి పెట్టెలు. ఆంప్లిఫయర్ ఉన్నది చివరి పెట్టెలో.

గోడ మీద పెయింటుతో రాసిన నిబంధనలు కనిపించాయి. ధైర్యం కోసం పైకే చదివాడు, బడిపిల్లాడిలా రాగం తీసి.

'పెట్టె లోనికి దిగువారు తమ నంబరు బిళ్ళను తలుపు మేకునకు తగిలించవలెను. ఒకరి బిళ్ళను వేరొకరు తీయరాదు. స్విచ్ వేయుటకు ముందు లోపల ఎవరు అని ముమ్మారు పిలువవలెను. లోపలివారు నంబరు చెప్పి పలుకవలెను. ఎవరూ పలుకనిచో...'

రాగం అక్కడ ఆగిపోయింది.

లోపల ఎవరు.

అంటే జనం చెప్పుకునే ఆ మాట... ఊరికే పుట్టింది కాదు. ఇక్కడ పనిచేసేవాళ్ళ మాట. చచ్చినవాడు ఇంకా డ్యూటీలోనే ఉన్నాడా? చివరి ముక్క గబగబా కళ్ళతో చదివేసి, తల తిప్పుకున్నాడు.

పెట్టె తలుపుకి ఒక మేకు. దానికి ఇత్తడి బిళ్ళ ఒకటి వేలాడుతోంది. దుమ్ము తుడిస్తే అంకె కనిపించింది. ఏడు.

ఎవరిదో బావకి అర్థమైంది. ప్రమాదం తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదన్నమాట. తెల్లారితే ఎలాగూ కట్టర్ కింద పడుతుంది కదా, పాపం, దాచిపెడదామని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. మంచికే తీశాడు. కానీ తీయకూడదని రాసింది ఇప్పుడే చదివాడు.

హాలు చివర జాలీ కిటికీలోంచి స్విచ్చుల గది కనిపిస్తుంది. మెయిన్ హ్యాండిల్ కిందికి దించే ఉంది, అంటే ఆపేసినట్టే. ఆ గదికి తలుపు వెనక వైపు నుంచి; బయట తాళం వేసి ఉండటం వచ్చేటప్పుడే చూశాడు. పెట్టెలోకి వచ్చే కేబుళ్ళకి టెస్టర్ పెట్టి చూశాడు. వెలగలేదు. అసలు పద్ధతి ప్రకారం ఆ హ్యాండిల్‌కి తాళం వేసి గానీ చెయ్యి పెట్టకూడదు. రోజూ పదిమందికి తనే చెప్పే మాట అది.

"ఎవరు వేస్తారు దాన్ని... దెయ్యమా?" అని తనలో తనే నవ్వుకున్నాడు.

పని మొదలుపెట్టాడు. రెండు గంటలు పట్టింది. ఆంప్లిఫయర్ బోల్టులన్నీ విప్పేశాడు. ఇక మిగిలింది ట్రాన్స్‌ఫార్మర్‌కి బిగించిన మూడు లావుపాటి కేబుళ్ళు. అవి వెనకాల, ఇరుకులో ఉన్నాయి. పెట్టెలోకి తలతో సహా వంగి, కుడిచెయ్యి మోచేతి దాకా దూర్చి, రాగి పట్టీల మధ్య స్పానర్ పట్టించాడు.

అప్పుడు వినిపించింది.

"లోపల... ఎవరు?"

బావ చేతిలో స్పానర్ ఆగిపోయింది.

గాలి కాదు. ఎలుక కాదు. మనిషి గొంతు. బొంగురుగా, నిదానంగా... స్విచ్చుల గది వైపు నుంచి. ఇందాక తాళం వేసి ఉన్న గది.

ఎడమచేత్తో తల మీది లైటు ఆర్పేశాడు. ఆర్పాక ఎందుకు ఆర్పానా అనిపించింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. పలక్కు... పలక్కు... అని వ్యాపారి మాట చెవిలో తిరుగుతోంది. కుడిచెయ్యి బయటికి లాగబోయాడు.

రాలేదు.

ఎవరో పట్టుకున్నారు అనుకున్నాడట. పై ప్రాణాలు పైనే పోయాయి. నిజానికి ఎవరూ పట్టుకోలేదు. భయంతో స్పానర్ని పిడికిలి బిగించి పట్టుకున్నాడు. పిడికిలి ఆ సందులోంచి రాదు. వదిలేస్తే చెయ్యి వస్తుంది. కుండలో చెయ్యి పెట్టిన కోతికి కూడా తెలియాల్సిన సంగతి. కానీ వేళ్ళు ఆయన మాట వినడం మానేశాయి.

ఒకటి... రెండు... పది... ఇరవై... గుండె కొట్టుకోవడం లెక్కపెట్టుకుంటూ ఉన్నాడు.

"లోపల... ఎవరు?"

రెండోది. నోట్లోంచి ఏ చప్పుడూ రాకుండా ఎడమచేతి చొక్కా అంచు నోట్లో కుక్కుకున్నాడు. పళ్ళు దాంట్లోకి దిగిపోయాయి.

ఇంతే. ఈమధ్య రెండే పిలుపులు కదా. ఇక ఆ 'ధన్' ఒక్కటీ వినిపిస్తే గండం గడిచినట్టే. ధన్ అని...

ధన్ అని — ఏమిటది?

ఇనుము మీద ఇనుము. హ్యాండిల్.

గోడ మీద చదివిన చివరి ముక్క అప్పుడు గుర్తొచ్చింది. 'ఎవరూ పలుకనిచో లోపల ఎవరూ లేరని ఎంచి స్విచ్ వేయవచ్చును.'

దాని వెనకే ఇంకో మాట. కరెంటు ఇచ్చేశాం, మిగతాది రేపు.

ఎక్కణ్ణుంచి ఇచ్చారు? ఈ గుట్ట మీద కరెంటు లైను ఉన్నది ఒక్కటే. అది వచ్చేది ఈ స్విచ్చుల గదిలోకే. టెస్టర్ వెలగనిది హ్యాండిల్ కిందికి ఉంది కాబట్టి... అంతే. పైకి వేస్తే, వచ్చేది తన చెయ్యి ఉన్న చోటికే.

పలికితే దెయ్యం. పలక్కపోతే కరెంటు.

అరవాలని నోట్లో గుడ్డ ఊసేశాడు. నోరు తెరిచాడు. నాలుక అట్టకట్టినట్టు అంగిటికి అంటుకుపోయింది. కళ్ళ ముందు అక్క కనిపించిందట — వంటింట్లో ఆ వెలగని లైటు కింద. గోడ అవతల కిర్రుమని హ్యాండిల్ పట్టుకున్న చప్పుడు...

ఆగింది.

ఎంతసేపో తెలియదు. ఆ తర్వాత మళ్ళీ అదే గొంతు. ఈసారి వణుకుతోంది. అడుగుతున్నట్టు కాదు, బతిమాలుతున్నట్టు ఉంది.

"లోపల... ఎవరు... లోపలున్నారా?"

"ఉన్నాను!" అని అరిచాడు బావ. "నేనున్నాను! వెయ్యొద్దు! చెయ్యి లోపలుంది... వెయ్యొద్దండీ!"

ఆ అరుపుకి పిడికిలి వదులైంది. స్పానర్ ఎక్కడో పడింది. చెయ్యి ఊడొచ్చింది. తోలు గీసుకుపోయి రక్తం కారుతున్నా తెలియలేదట. వెనక్కి పడి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఇక వచ్చేది ఏదో వస్తుందని చూస్తూ.

వచ్చింది ఒక చిన్న టార్చి వెలుగు. దాని వెనక మఫ్లరు చుట్టుకున్న ముసలాయన, గసపెడుతూ. కాళ్ళకి చెప్పులున్నాయి. వెలుగులో నీడ పడుతోంది. బావ రెండూ చూసుకున్నాడు.

"ఎవరు బాబూ నువ్వు?"

బావ చెప్పాడు. రేడియో, చందమామ, పాత ఇనుము — ఏది ముందో ఏది వెనకో తెలియకుండా అన్నీ కలిపి చెప్పాడు. పెద్దాయన పక్కనే కూలబడ్డాడు.

ఆయన ఒకప్పుడు అదే స్టేషన్లో షిఫ్ట్ ఇంచార్జి. గుట్టకి అవతలి వైపు ఇల్లు. వెనక మెట్ల మీదుగా వస్తాడు. స్విచ్చుల గది తాళంచెవి ఒకటి ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆ విషయం ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"ఆ రోజు ఒక్కసారే పిలిచాను బాబూ" అన్నాడు గుసగుసగా. "క్రికెట్ ఆట మధ్యలో బొమ్మ పోయింది. ఫోను మీద ఫోను... ఎప్పుడిస్తావ్, ఎప్పుడిస్తావ్ అని. ఒక్కసారి పిలిచాను. వాడికి వినపడలేదు. మిగతా రెండూ పిలవలేదు. వేసేశాను."

పదకొండేళ్ళుగా రోజూ రాత్రి అన్నం తిన్నాక వాకింగ్ అని ఇంట్లో చెప్పి వస్తున్నాడు. పద్ధతిగా పిలుస్తాడు. ఆగుతాడు. హ్యాండిల్ పైకి వేస్తాడు. తెగిపోయిన లైను, ఏమీ కాదు. మళ్ళీ దించేసి ఇంటికి పోతాడు. అదీ మన ఊళ్ళో పెద్దపెద్ద వాళ్ళని చెప్పులు చేత్తో పట్టించి పరిగెత్తించిన దెయ్యం.

బావకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. లేచి, ఆయనతో కలిసి వెనక నుంచి స్విచ్చుల గదిలోకి వెళ్ళాడు. హ్యాండిల్ పైనున్న పట్టీకి టెస్టర్ ఆనించాడు.

వెలిగింది.

ఎర్రగా, నిండుగా వెలిగింది. కింద బోర్డులో మూడు కొత్త ఫ్యూజులు. సెల్ టవరు వాళ్ళు ఆ సాయంత్రమే తెగిన లైను కలిపి, పాత బోర్డులోంచి తమ టవరుకి కరెంటు లాక్కున్నారు.

పెద్దాయన ఆ వెలుగు వైపే చూస్తూ ఉండిపోయాడు. "ఇంకొకణ్ణి... నా చేత్తో..."

"ఏం కాలేదు కదండీ. మూడోసారి పిలిచారు, నేను పలికాను, అయిపోయింది." బావే ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

"మూడోసారి నేను పిలవను బాబూ."

"అదేమిటి?"

"ఉబ్బసం. ఊపిరి చాలట్లేదు. ఈ చలి మొదలైనప్పటి నుంచీ రెండుసార్లే పిలిచి వేసేస్తున్నాను. ఇవాళా అంతే. హ్యాండిల్ మీద చెయ్యి వేశాను కూడా."

"మరి ఎందుకు ఆగారు?"

పెద్దాయన వింతగా చూశాడు. "భలేవాడివే. నువ్వు రెండో పిలుపుకి పలికావు కదా. 'ఏడు... లోపలే ఉన్నాను సార్, ఆగండి' అని. ఇన్నేళ్ళలో ఎవరూ పలకలేదు. చెవులు మోసం చేశాయేమోనని... అందుకే ఇంకోసారి అడిగాను."

బావ ఎడమచేతి చొక్కా అంచు తడిమి చూసుకున్నాడు. రెండో పిలుపప్పుడు తన నోట్లో ఆ అంచు ఉంది. అది ఇంకా తడిగానే ఉంది.

ఈ కథ ఎంతమందికి చెప్పినా బావ ఇక్కడితో ఆపేస్తాడు. వినేవాళ్ళు హడలిపోతారు, ఆయన టీ తాగుతాడు. ఆ తర్వాత జరిగింది నా ఒక్కడికే చెప్పాడు. ఆంప్లిఫయర్ తేవడానికి తెల్లవారుజామున నన్ను లేపి గుట్ట మీదికి తీసుకెళ్తున్నప్పుడు, దారిలో. నా జ్వరం అప్పటికి తగ్గిందనుకోండి.

బావ జేబులోంచి బిళ్ళ తీసి పెద్దాయన చేతిలో పెట్టాడట. పెద్దాయన బొటనవేలితో ఆ అంకె తడిమి చూసుకున్నాడు.

"ఇది నువ్వు తీయకూడదు బాబూ. లోపలున్నవాడు బయటికొచ్చి, తన బిళ్ళ తనే తీసుకోవాలి. అప్పటిదాకా లోపలున్నట్టే లెక్క."

"రేపు పొద్దున్నే ఇదంతా కోసేస్తారండీ" అన్నాడు బావ.

"రేపా?"

"తెల్లారగానే."

పెద్దాయన ఫ్యూజులు మూడూ పీకేసి జేబులో వేసుకున్నాడు. బిళ్ళ తీసుకుని హాల్లోకి నడిచాడు. చివరి పెట్టె తలుపు మేకుకి దాన్ని మళ్ళీ తగిలించాడు. మఫ్లరు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఏడూ..." అని పిలిచాడు. "లైను తీసేశాను. నేనే తీశాను. ఇక బయటికి రా నాయనా... షిఫ్ట్ అయిపోయింది."

ఏ చప్పుడూ కాలేదు. బావ లైటు వేసుకునే ఉన్నాడు గానీ పెట్టె వైపు తిప్పలేదు. తిప్పే ధైర్యం లేదు. తన బూట్ల మీదికే వంచుకుని నిలబడ్డాడు.

పెద్దాయన ముందు నడిచాడు. బావ ఆయన వెనకే, ఆయన చొక్కా పట్టుకోని లోటు ఒక్కటే. గడప దాటి ఇద్దరూ బయటికొచ్చారు. బావ తాళంకప్ప పట్టుకుని తలుపు మూయబోయాడు.

"ఉండు" అన్నాడు పెద్దాయన.

తలుపు రెక్క చేత్తో పట్టుకుని, కాస్త పక్కకి జరిగి నిలబడ్డాడు. మన వెనక ఇంకొకరు వస్తున్నప్పుడు దారి ఇచ్చి ఆగుతాం చూడండి, అలా. ఒక మనిషి నడిచి వచ్చేంత సేపు ఆగాడు. తర్వాత తలుపు మూసి, తాళం వేయమన్నాడు.

మేమిద్దరం వెళ్ళేసరికి తెల్లవారుతోంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసి లోపలికి వెళ్ళాం. ఆంప్లిఫయర్ చెక్కుచెదరకుండా ఉంది.

మేకుకి బిళ్ళ లేదు.